ఉయ్యాల పలకకు నేను పెట్టిన నునుపు

ఖతర్‌లో పంతొమ్మిదేళ్ళు వడ్రంగి పని చేసి వచ్చాను. ఎన్ని తలుపులు బిగించానో, ఎన్ని తాళాలు మార్చానో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ గుర్తు కూడా లేదు. పాడుచేసిన పలక ఒకటుంది. దాని మీద చెక్కిన ఆకు ఆకూ గుర్తుంది. ఇప్పుడు కంప్యూటరు మెషిన్ మీద తలుపులు చెక్కే కుర్రాళ్ళు సాయంత్రాలు మా అరుగు మీద చేరి, ‘మామయ్యా, అక్కడ నువ్వు చేసిన గొప్ప పనులేంటో చెప్పు’ అంటుంటారు. గొప్పలు చెప్పుకోవడానికి ఊళ్ళో చాలామందే ఉన్నారు. నేను ఆ పలక సంగతి చెబుతాను. ఓపికుంటే వినండి.

తొంభైల మధ్యలో మాట. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. మాది గోదావరి జిల్లాలో క్రైస్తవ కుటుంబం. వడ్రంగం మిషన్ వాళ్ళ బడిలో నేర్చుకున్నాను. అక్కడ మా మేష్టారు పని పరీక్ష చేసే తీరు వేరు. కళ్ళు మూసుకుని చెక్కకి చెంప ఆనించి రాసేవారు. ఎక్కడన్నా ఉలి గాటు తగిలిందో, ‘ఏరా, ఇది కుర్చీయా, మేక కొరికిన మొద్దా?’ అని వీపు మీద ఒక్కటి వేసేవారు. చెక్క మీద పనివాడి చెయ్యి కనిపించకూడదు. అదీ ఆయన పాఠం. అందుకే ఉప్పు కాగితం, అదే సాండ్ పేపరు, ముతకది ఒకటీ సన్నది ఒకటీ ఎప్పుడూ నా సంచిలో ఉండేవి.

దోహాలో మా కంపెనీ మదీనత్ ఖలీఫాలో ఒక వరస విల్లాల మెయింటెనెన్సు చూసేది. వాటిలో ఉండేవాళ్ళు గ్యాసు పనుల మీద వచ్చిన తెల్ల ఇంజనీర్లు. ఆ వరసకి నేను వడ్రంగిని. అల్ మన్సూరాలో నా గదిలోనే ఉండే కరీంనగర్ కుర్రాడు ఏసీ మెకానిక్కు, నేను తమ్ముడనే పిలిచేవాణ్ణి. డ్యూటీ నాలుగింటికి అయిపోయేది. మమ్మల్ని గదికి చేర్చే కంపెనీ పికప్ మాత్రం ఆరింటికిగానీ వచ్చేది కాదు. ఆ రెండు గంటలూ గోడ నీడన కూర్చుని ఆవులించడమే మా పని.

ఒకరోజు మా మలయాళీ సూపర్‌వైజరు చీటీ ఒకటి చేతిలో పెట్టి, “గ్యారేజ్ కా దర్వాజా అటక్ రహా హై భాయ్, యల్లా, జల్దీ!” అన్నాడు. తలుపు నేలకి పట్టేస్తోందట. చిత్రిక పట్టుకుని వెళ్ళాను. గ్యారేజిలో కారు లేదు. కిటికీ పక్కన బల్ల వేసుకుని, డెబ్బై దాటిన ఒక తెల్ల ముసలాయన చేత్తో ఏదో చెక్కుతున్నాడు. దోహాలో కూడా ఉన్ని బనీను వేసుకున్నాడు మహానుభావుడు. బల్ల మీద రెండు జానల పలక. దాని మీద ఒక లావుపాటి తీగ. ఆ తీగలోంచి ఆకులు మెలికలు తిరుగుతూ, ఒకదాని మీంచి ఒకటి దూకుతూ, చివర్లలో ముడుచుకుంటూ పలకంతా పాకిపోయాయి. నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. మన రథాల మీద, దూలాల మీద పని చూసినవాణ్ణి. ఇలా ఆకులు బతికున్నట్టు కదలడం ఎక్కడా చూడలేదు.

తర్వాత తెలిసింది, ఆయన నార్వే దేశస్థుడు. వాళ్ళ పల్లెల్లో అకాంతస్ అనే ఆకుతీగని అల్మారాల మీద, కుర్చీల మీద, చర్చి వేదికల మీద చెక్కడం పాతకాలం నుంచీ ఉన్న విద్యట. ఆయన వృత్తే అది. ఆ ఇంట్లో ఉండే ఇంజనీరు ఆయన కొడుకు. చలికాలం గడపడానికి తండ్రిని తెచ్చుకున్నాడు.

ఆరోజు నేను తలుపు సంగతి మర్చిపోయి నిలబడిపోవడం చూసి, ముసలాయన ఒక చెత్త ముక్క మీద పెన్సిలుతో ఆకు గీసి నా ముందుకు తోశాడు. చెక్కమని. ఇరవై ఏళ్ళ పనివాణ్ణి, నాకా పరీక్ష! సంచిలోంచి ఉలీ సుత్తీ తీసి ఒక్కటిచ్చాను. ఆకు కొస ఎగిరి కిటికీ అద్దానికి తగిలింది. ఆ చెక్క మన కొండపల్లి బొమ్మల పొణికి కర్రలా మెత్తన. టేకు మీద కొట్టినట్టు కొడితే ఉంటుందా? ముసలాయన “నై, నై” అని పడీపడీ నవ్వాడు. ఆ ఒక్క మాటా హిందీలా వినిపించి బాగానే అర్థమైంది. నా సుత్తి తీసి పక్కన పెట్టి, చిటికెన వేలంత కత్తి ఒకటి చేతిలో పెట్టాడు.

అలా మొదలైంది నా రెండో చదువు. రోజూ నాలుగు నుంచి ఆరు దాకా. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు ఇరవై మాటలు, నాకు వచ్చినవి నలభై. అందుకని ఆయన నార్వే భాషలోనే తిట్టేవాడు, నేను తెలుగులోనే సణుక్కునేవాణ్ణి. పని బాగానే నడిచింది.

మొదటి రెండు వారాలూ ఆకు ముట్టనివ్వలేదు. వట్టి మూడు మూలల గుంటలు. కత్తి ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి, మూడోసారి అడుగు నుంచి. మూడు కోతలకీ ఒక్క ముక్క శుభ్రంగా లేచి రావాలి. నాకు నాలుగో కోత పడేది, అయిదోది పడేది. ఆయన వేళ్ళు ఎత్తి లెక్క చూపించి తల అడ్డంగా ఊపేవాడు. కత్తిని భుజంతో నెట్టకూడదు. కుడిచేయి పట్టుకోవాలి, ఎడమచేతి బొటనవేలు తోయాలి. నా బొటనవేలు చెప్పిన మాట వింటేగా! “ఇంత వయసొచ్చి ఓనమాలు దిద్దుతున్నానురా నాయనా” అని గదిలో మొత్తుకుంటే, కరీంనగర్ తమ్ముడు, “మంచిగనే ఉందిగదనే అన్నా. పలకా బలపం నేను తెచ్చిస్త తియ్” అని ఏడిపించేవాడు.

తర్వాత ఆకు గీయడం. నేను తెలివిగా కంపాసు తెచ్చి, సగం గీసి, సన్న కాగితం మీద ఎత్తి, తిరగేసి అచ్చు దించాను. రెండు వైపులా తూచినట్టు ఒక్కటే. మెచ్చుకుంటాడని చూశాను. ముసలాయన అరచేత్తో మొత్తం చెరిపేశాడు. గోడకి ఉన్న తన కుటుంబం ఫోటో చూపించి, అందులో తననీ తన తమ్ముణ్ణీ చూపించాడు. పోలిక ఉంది, కానీ ఇద్దరూ ఒకటి కాదు. రెండు వైపుల ఆకులూ అలా ఉండాలన్నమాట. ఇంకోటి, ఏ ఆకైనా తీగలో ఒకేచోట పుట్టాలి. మధ్యలో అంటించినట్టుంటే కత్తి వెనక్కి తిప్పి వేళ్ళ మీద టక్కున కొట్టేవాడు. మా మేష్టారికి వేలు విడిచిన చుట్టంలా ఉన్నాడే అనుకున్నాను.

ఆయన రోజూ ఒక పని చేసేవాడు. పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పక్క నుంచి వెలుతురు పడేట్టు ఇటూ అటూ వంచి చూపించేవాడు. ఏదో చెప్పేవాడు కూడా. చెక్క రకం చూపిస్తున్నాడనుకుని నేను “గుడ్ వుడ్, గుడ్ వుడ్” అనేవాణ్ణి. ఆయన నుదురు కొట్టుకునేవాడు. అదేమిటో అప్పుడు పట్టించుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇంజనీరు భార్యకి నెలలు నిండుతున్నాయి. ఏలకుల వాసన వేసే బన్నులు, కాఫీ ఆవిడే తెచ్చి పెట్టేది. ఇంగ్లీషులో నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు మాట్లాడేది. ఆ పలక పుట్టబోయే బిడ్డ ఉయ్యాల తలవైపుదని ఆవిడే చెప్పింది. మిగతా ముక్కలన్నీ నార్వేలోనే తయారై పెట్టెలో వచ్చాయి, బిగించడమే తరువాయి. వాళ్ళింట్లో పుట్టే ప్రతి బిడ్డకీ తాత చెక్కిన ఉయ్యాల ఉండాలి. ఏడాది కిందట ఈయన కత్తి జారి అరచెయ్యి కోసుకుంటే, కొడుకు భయపడి కత్తులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడట. ఈ ఒక్క ఉయ్యాల కోసం ముసలాయన బతిమాలి మళ్ళీ తీయించుకున్నాడట. “మళ్ళీ ఏమన్నా అయితే మా ఆయన ఇంక ఒప్పుకోరు” అంది ఆవిడ.

కత్తి ఎందుకు జారిందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. ముసలాయన చెయ్యి వణికేది. మొదటి అరగంట బాగానే ఉండేది. తర్వాత కుడిచేయి తనంతట తాను ఊగడం మొదలుపెట్టేది. మణికట్టు గుండెకి అదిమి పెట్టుకుని, అది శాంతించేదాకా ఆగేవాడు. ఇంట్లోవాళ్ళ ముందు కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకునేవాడు. చలిదేశం మనుషులకి అదొక అలవాటనుకోవచ్చు. కొడుకు తెల్లారకముందే సైటుకి పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఇక ఎవరు చూస్తారు? ఒకరోజు నేను ఆ చేతివంకే చూస్తుంటే, ముసలాయన వేలు పెదవుల మీద పెట్టుకుని, ఇంటివైపు చూపించి, “సన్... నో” అన్నాడు. ఆ కళ్ళు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. గుండె మీద చెయ్యి వేసుకుని, చెప్పనని తల ఊపాను.

జనవరిలో ఒక గురువారం పలక పూర్తయింది. మర్నాడు సెలవు. ఇంటిల్లిపాదీ ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గర సముద్రం చూడ్డానికి వెళ్తున్నారు. శనివారం సాయంత్రం కొడుకుని కూర్చోబెట్టి పలక చూపిస్తానని ముసలాయన సైగలతో చెప్పాడు. నేను నా ముక్క మీద సాధన చేసుకోవడానికి గ్యారేజి తాళంచెవి ఇచ్చి వెళ్ళాడు. అంత నమ్మకం.

శుక్రవారం మన్సూరాలో మావాళ్ళ ప్రార్థన కూటం ఉంటుంది. అది ఎగ్గొట్టి గ్యారేజికి వెళ్ళాను. అందుకే అలా జరిగిందని మా కూటం పెద్దాయన చాన్నాళ్ళు దెప్పాడు. పోనివ్వండి.

నా ముక్క పక్కన పెట్టి, ఆయన పలక దగ్గరికి తీసి చూశాను. కళ్ళు మూసుకుని, మా మేష్టారిలా చెంప ఆనించాను. నిండా గాట్లే. ప్రతి ఆకు మీదా కత్తి ఆగిన చోటల్లా ఒక అంచు తగులుతోంది. కొన్నిచోట్ల వంకర కూడా. ఇవన్నీ చెయ్యి వణికిన గాట్లే! ముసలాయనకి కళ్ళు కూడా ఆనడం లేదు, చూసుకోలేదు పాపం. రేపు కొడుకు దీని మీద చెయ్యి వేస్తే ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. కత్తులు మళ్ళీ పెట్టెలోకి పోతాయి. ఇదీ నా లెక్క.

సంచిలోంచి ఉప్పు కాగితం తీశాను. మొదట ఒక్కచోటే అనుకున్నాను, ఆ వంకర ఉన్నచోట. అది నున్నగా కాగానే పక్కన ఆకు మోటుగా కనిపించింది. దాన్నీ రాశాను. అప్పుడు దాని పక్కది. మీరు చేత్తో చెక్కపని చేసేవాళ్ళయితే మీకు తెలుస్తుంది, ఒకసారి మొదలుపెడితే ఆగే చోటుండదు. పుల్లకి కాగితం చుట్టి సందుల్లోకి కూడా పోనిచ్చాను. మూడింటప్పుడు అసర్ నమాజు పిలుపు వినిపించే వేళకి పలకంతా అయిపోయింది. ముతకది, సన్నది, ఆఖర్న గుడ్డతో తుడుపు. వెన్నపూసలా ఉంది.

కరీంనగర్ తమ్ముడు బిర్యానీ పొట్లం తీసుకుని వచ్చాడు. పలక చూసి, “అరె, అద్దం లెక్క చేసినవ్ గదనే! ముసలాయన పానం ఎంత సంబురపడ్తదో సూడు” అన్నాడు. అతని మాట విని ఇంకా పొంగిపోయాను. ఆయన పరువు కాపాడాను, రహస్యం కాపాడాను, కత్తులు కాపాడాను. అంత తృప్తిగా బిర్యానీ ఎప్పుడూ తినలేదు.

శనివారం నాలుగయ్యేసరికి పరుగున వెళ్ళాను. ముసలాయన ఎప్పటి చోటే కూర్చున్నాడు. పలక ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకుని, బొటనవేలితో ఒక్కో ఆకూ మెల్లగా తడుముతున్నాడు. పోగొట్టుకున్నది వెతుక్కుంటున్నట్టు. పక్కన కొడుకు. భార్య ఫోను చేస్తే ముందే వచ్చేశాడట. ఆరడుగుల మనిషి, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నా నవ్వు నా మొహం మీదే ఎండిపోయింది.

“ఎవరు చెయ్యమన్నారు నిన్ను?” అన్నాడు కొడుకు, నాకు అర్థమయ్యేట్టు ఇంగ్లీషులో మాట మాటా ఒత్తి.

“ఎవరూ చెప్పలేదు సార్. నేనే...”

“యాభై ఏళ్ళుగా మా నాన్న చేసిన ఏ పని మీదా కాగితం పడలేదు. కత్తి వదిలిన అంచులే ఈ పనికి ప్రాణం. వాటి మీద వెలుతురు పడితేనే ఆకు కదులుతుంది. ఏది ఎవరు చెక్కారో మా ఊళ్ళో ఆ గాట్లు చూసి చెబుతారు. ఇప్పుడిందులో మా నాన్న ఎక్కడున్నాడు?”

పలక వంక చూశాను. నిజమే. ఆకులన్నీ ఉన్నాయి, కానీ సబ్బుబిళ్ళ అరిగినట్టు చచ్చి పడున్నాయి. తల కొట్టేసినట్టయింది.

“ఎందుకు చేశావు? అది చెప్పు ముందు.”

జవాబు నా నాలుక చివరే ఉంది. అది చెబితే నా తప్పు సగం తగ్గుతుంది. చెప్పబోయి ముసలాయన వంక చూశాను. ఆయన చేతులు రెండూ ఉన్ని బనీను జేబుల్లోకి దూర్చేశాడు. నా వంకే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. భయం ఉంది.

“తెలియక చేశాను సార్. మా దేశంలో ఇలాగే నున్నగా చేస్తాం” అన్నాను.

అబద్ధం కాదది. సగం నిజం. కొడుకు లోపలికి వెళ్ళి కంపెనీకి ఫోను చేశాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు పిలిచాడు. మంచివాడే, పాపం బాధపడ్డాడు. “క్యా కియా భాయ్ తుమ్‌నే? విల్లా డ్యూటీ ఖలాస్. షమాల్ క్యాంపుకి పో. అక్కడ చౌకట్లు బిగించు” అన్నాడు. గదిలో సంచి సర్దుకుంటుంటే కరీంనగర్ తమ్ముడు ఊరుకోలేకపోయాడు.

“ఎందుకు జేసినవో చెప్తే అయిపోవు గదనే అన్నా! నోట్ల నాలిక లేదా?”

“చెప్తే ఆయన కత్తులు పోతాయి తమ్ముడూ.”

“నీ డ్యూటీ పాయె గదా మరి! పాపం నీకు, పుణ్యం ఆయనకు. నీ అసుంటోన్ని నేనేడ చూడలె” అన్నాడు. అంటూనే తన కొత్త దుప్పటి తీసి నా సంచిలో కుక్కాడు. షమాల్‌లో చలిగాలి ఎక్కువని.

దేశానికి ఉత్తరం కొస అది. కొత్తగా కడుతున్న బడికి తలుపు చౌకట్లు పెట్టడం మా పని. ఉప్పుగాలి, పోర్టా క్యాబిన్లనే రేకు గదులు, క్యాంపులో నాకు తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. డ్యూటీ పోయినందుకు కాదుగానీ, ఆ ముసలాయన బొటనవేలు ఆకుల మీద వెతుక్కోవడం కళ్ళముందు నుంచి పోయేది కాదు. ఏ చేత్తో రాశానో ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించేది. ఆయనకి ఆఖరి పని అది. ఇంకోటి చెక్కే శక్తి ఆయనకి లేదని అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసి తెలిసి తుడిచేశాను.

ఒకరోజు పొద్దున్న, పని మొదలవకముందు, సిమెంటు పనికి వాడే షట్టరింగు చెక్క ముక్క ఒకటి తీసుకుని జేబుకత్తితో ఊరికే ఆకు ఒకటి చెక్కాను. నాది వట్టి మోటు పని. అప్పుడే ఎండ వాలుగా క్యాబిన్ తలుపులోంచి పడింది. ముక్క కాస్త వంచానో లేదో, కత్తి ఆగిన అంచులన్నీ ఒక్కొక్కటే వెలిగి ఆరాయి. ఆకు కదిలింది. నేను చెక్కిన ఆ దరిద్రపు ఆకు కూడా కదిలింది! రోజూ కిటికీ దగ్గర ఆయన మొత్తుకున్నది ఇదేనన్నమాట. గుడ్ వుడ్ అట, గుడ్ వుడ్! నా బుద్ధికి నాకే సిగ్గేసి, ఆ ముక్క పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను.

అబ్బాయిలూ, ఈ వయసులో మీకు ఒక్కటే చెప్పగలను. మనకి వచ్చిన పని ఉంది చూశారూ, అది కొత్త పనిని కళ్ళకి కనపడనివ్వదు. నేను అసలు పనే రానివాణ్ణి అయ్యుంటే ఆ పలక జోలికి పోయేవాణ్ణి కాదు. మా మేష్టారు నేర్పిన గొప్ప పనితనమే దాన్ని చంపింది. అలాగని ఆయన పాఠం తప్పూ కాదు. కుర్చీకి అది ఒప్పే. ఆ ఆకుకి కాదు.

మూడో శుక్రవారం. క్యాంపులో అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు. తెల్ల కారు ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి మా క్యాబిన్ ముందు ఆగింది. కొడుకు దిగాడు. అటు పక్క నుంచి ముసలాయన, అదే ఉన్ని బనీనులో, చంకలో గుడ్డ చుట్టిన పలకతో. నేను తడి బట్టలు బకెట్లో పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడిపోయాను. మళ్ళీ ఏం తప్పు జరిగిందో అనుకున్నాను.

“నిన్ను చూడాలని నాన్న మూడు రోజులుగా అన్నం ముట్టలేదు” అన్నాడు కొడుకు. గొంతులో అప్పటి కోపం లేదుగానీ, మెత్తదనమూ లేదు. “నువ్వు చేసిందానికి అసలు కారణం వేరే ఉందట. కావాలనే నాకు చెప్పలేదట. అది నీ నోటితోనే వినమంటున్నాడు. చెప్పు.”

నేను ముసలాయన వంక చూశాను. ఆయన పలకని కారు ముందు బానెట్ మీద పెట్టాడు. తర్వాత జేబుల్లోంచి చేతులు తీసి, రెండూ ఆ పలక పక్కన ఎండలో పెట్టాడు. కుడిచేయి ఊగుతోంది. దాచుకోలేదు. నా వంక చూసి తల ఊపాడు, చెప్పు అన్నట్టు.

“చెయ్యి వణికి గాట్లు పడ్డాయనుకున్నాను సార్. అవి మీ కంట పడితే మీరు కత్తులు తీసేసుకుంటారని... అందుకని రాసేశాను” అన్నాను. నా నలభై ఇంగ్లీషు మాటల్లో అంతకంటే బాగా చెప్పడం రాలేదు.

కొడుకు ఆ చేతి వంక చూశాడు. ఎదురుగా సముద్రం వైపు తిరిగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడా మొహం చూస్తే ఆరడుగుల ఇంజనీరులా లేడు. దెబ్బలు తిన్న పిల్లాడిలా ఉన్నాడు.

ముసలాయన మాత్రం పనిలో పడిపోయాడు. గుడ్డ విప్పి పలకని బోర్లించాడు. వెనకవైపు ఖాళీ. దాని మీద పెన్సిలుతో కొత్త తీగ, కొత్త ఆకులు. గీతలు అక్కడక్కడా వణికి ఉన్నాయి, కానీ ఆకులన్నీ తీగలో ఒకేచోట పుట్టాయి. నేను రాసిన నున్నటి వైపు బిడ్డ తల వైపుకి, ఈ కొత్త వైపు బయటికి అని చేతులతో చూపించాడు. పసిబిడ్డ బుగ్గ నా ఉప్పు కాగితం పని మీద ఆనుతుందన్నమాట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన చిన్న కత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

క్యాబిన్ ముందు ప్లైవుడ్ బల్ల ఉంటే దాని దగ్గర కూర్చున్నాం. లావు తీగ, దాని వెంట నాలుగు ఆకులు నేను కోశాను. రెండు గంటలు పట్టింది. మూడు కోతలకి ముక్క లేచిందో లేదో ఆయన వేళ్ళతో లెక్కపెడుతూనే ఉన్నాడు. కొడుకు దూరంగా కారుకి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. అయిదో ఆకు దగ్గరికి వచ్చేసరికి నేను ఆగి, కత్తి పిడి ముసలాయన వైపు తిప్పి పట్టుకున్నాను. ఎందుకలా చేశానో తెలియదు. అది ఆయనే కోయాలనిపించింది.

ఆయన కొడుకు వంక ఒకసారి చూసి కత్తి తీసుకున్నాడు. చెయ్యి ఊగుతోంది. కత్తి మొన చెక్కని అంటీ అంటక జారింది, పలక బల్ల మీద పక్కకి కదిలింది. రెండోసారీ అంతే. పట్టుకుందామని నా చేతులు లేచాయి. బలవంతాన తొడల కింద పెట్టుకున్నాను.

కొడుకు కారు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. కత్తి లాక్కుంటాడనే అనుకున్నాను, ఒట్టు. అతను ఆ దుమ్ములో, ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, పలక కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ముసలాయన కోశాడు. ఒక్క ఆకుకి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముక్క లేచింది. అంచు ఒకచోట వంకర పోయింది. కొడుకు దాని మీద బొటనవేలు పెట్టి రాస్తూ, సరిగ్గా ఆ వంకర దగ్గర ఆగాడు. అతను తండ్రితో వాళ్ళ భాషలో ఒకే ఒక్క మాట అన్నాడు. దాని అర్థమేమిటో నేను ఎన్నడూ అడగలేదు. ముసలాయన మాత్రం పలక కొంచెం పక్కకి తిప్పమని కొడుకు చేతిని తట్టి, కత్తి తర్వాతి ఆకు మీద పెట్టాడు.